భ్రమ అని రాయమన్నారు

"అయితే నాది పెండ్లి కాదా వదినె? సావు దాచిపెట్టిన పందిట్లో నా మెడకు తాళి కట్టినారా? ఆ మాట నా మొగం చూసి చెప్పు!"

దిండిగల్‌లో మొదటి బస్సు పట్టుకుని వచ్చిన అంజలమ్మ భుజాన సంచి ఇంకా దించలేదు. కోయంబత్తూరు పీళమేడులోని అన్నగారింటి హాలు నడిమధ్యన నిలబడి, ఫ్యాను కింద కూడా చెమటలు కక్కుతోంది. దారి పొడుగునా కూడబెట్టుకున్న కోపం మరి, ఒక్క మాటతో దిగుతుందా?

జానకమ్మాళ్ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. తల ఎత్తకుండానే, "ముందర మొగం కడుక్కో అంజలా. కాపీ తాగి తిట్టు. వట్టి కడుపుతో అరిస్తే నీకే తల తిరుగుతాది" అంది.

"నీ కాపీ నాకొద్దు! మదురై నుంచి చిన్నాయన ఫోను. ఆర్.ఎస్. పురం అత్త ఫోను. మా వీధిలో ముక్కూ మొగం తెలీని ఆడమనిషి కూడా నిలబెట్టి అడిగె, 'అది మీ పెండ్లి కతేనంట గదా' అని. మానం పోయె వదినె, సుద్దంగా పోయె!"

ఈ గోలంతా సోమవారం ఏడున్నర సీరియల్ తెచ్చిపెట్టింది. అందులో నిరంజన అనే కోడలు ఆరు నెలలుగా మనసు డాక్టరు దగ్గరికి పోతోంది. టీవీలో మనసు డాక్టర్లు మనకు కొత్తేమీ కాదు. గొలుసు ఊపి కళ్ళు మూయించేవాళ్ళను చూశాం, రోగి ఒక కేక పెట్టి గ్లాసు పగలగొట్టగానే నయమైపోయిందని కళ్ళద్దాలు తీసేవాళ్ళను చూశాం, ఆఖరికి రోగి మొగుణ్ణే వలలో వేసుకున్న మహాతల్లులనూ చూశాం. ఈ డాక్టరమ్మ మాత్రం ఏమీ చేయదు. ఎదురుగా కూర్చుంటుంది. ఒక మాట అడుగుతుంది. నిరంజన చెప్పేదాకా కాచుకుని ఉంటుంది. అందులో ఏం మహిమ ఉందో గానీ, ఆ కాచుకునే అరనిమిషం కోసం ఆడవాళ్ళు పొయ్యి ఆపి వచ్చి కూర్చుంటున్నారు.

సోమవారం నిరంజన అసలు సంగతి విప్పింది. ఆడబిడ్డ పెళ్ళికి ఇంటి ముందు పందిరి కాలు, అదే పెళ్ళి రాట, నాటారు. పెళ్ళి రెండు రోజులుందనగా నెలలు నిండక పుట్టి ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉన్న ఆమె బిడ్డ, పంతొమ్మిది రోజుల పసివాడు, పోయాడు. పందిరి కాలు నాటిన ఇంట్లో చావు మాట పుట్టకూడదు కదా. అందుకని సంగతి మూసిపెట్టి, ఆమెకు పట్టుచీర కట్టించి, పెళ్ళికూతురికి ఆమె చేతనే ఆరతి పట్టించారు. ఇదంతా నిరంజన తమిళంలోనే చెప్పింది. చివర మాత్రం తెలుగులో అంది: "కండ్లనీళ్ళు కిందపడితే పెండ్లికి కీడంట. అందుకని మింగేస్తిని."

ఆ సీరియల్‌కు మాటలు రాసేది జానకి కూతురు సుజిత. ఆ ఒక్క వాక్యం ఎంత తన్నుకులాడినా తమిళంలోకి దిగలేదు. దించితే చప్పబడుతోంది. అందుకని నటించే అమ్మాయికి పలకడం నేర్పించి అలాగే ఉంచేసింది. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది.

మన మాట ఎవరికీ తెలియదనుకోవడం ఈ ఊళ్ళల్లో మనవాళ్ళకు నాలుగు వందల ఏళ్ళుగా ఉన్న జబ్బు. చీరల అంగట్లో బేరం తెగకపోతే తెలుగు. బస్సులో పక్క సీటువాడి మీద తెలుగు. సంబంధానికి వచ్చినవాళ్ళ ఎదుటనే పిల్లవాడి బట్టతల మీద తెలుగు. బయటివాళ్ళకు తెలియదు, సరే. మనవాళ్ళకు తెలుస్తుంది కదా తల్లీ! కోయంబత్తూరు నుంచి మదురై దాకా టీవీ ముందున్న ప్రతి చుట్టమూ ఆ వాక్యానికి చెవులు రిక్కించింది. సీరియల్ మొదట్లో "మాటలు: సుజిత బాలకృష్ణన్" అని పెద్ద అక్షరాలతో వేస్తారాయె. ఇంక చెప్పేదేముంది?

సుజిత తినే బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుని ఉంది. "సీరియల్లో నీ పేరు చెప్పలేదు గదా అత్తా. గుమ్మడికాయల దొంగ అంటే నువ్వేంటికి భుజాలు తడుముకుంటావు?" అంది.

"తడుముకుంటానే! ఊరంతా నా భుజాలే చూస్తాండారు, తడుముకోకుండా ఏమి చేసేది? నా పెండ్లయిన పది నాళ్ళకు గదా ఆ బిడ్డ పోయినాడు! అందరికీ తెలిసిందే గదా! దాన్ని ముందరికి జరిపి, నా పందిట్లోకి ఈడ్చుకొచ్చి, ఛీ!"

జానకి చేతిలో చిక్కుడుకాయ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ ఈనె తీసింది.

అప్పుడు ముందు గదిలోంచి బాలకృష్ణన్ వచ్చారు. అరవై మూడేళ్ళ మనిషి. నీళ్ళ మోటార్లకు విడిభాగాలు చేసే వర్క్‌షాపు ఆయనది. పొద్దున్నుంచి ఆ గదిలో తలుపు మూసుకుని ఏం చేస్తున్నారో ఎవరికీ అంతుబట్టలేదు. చేతిలో కంపెనీ లెటర్‌హెడ్ కాగితం ఉంది.

"సుజితా, నువ్వు పదకొండుకు గదా సీను పంపాల్సింది?"

"అవును నాయినా. మద్దేనం షూటింగు. శుక్రవారం వస్తాది."

"ఇది పంపు" అని ఆయన నిలబడే చదవడం మొదలుపెట్టారు. అమ్మా, ఆయన సీను రాసుకొచ్చారు! ముప్పై ఐదేళ్ళు కొటేషన్లు తప్ప ఒక్క ముక్క రాయని మనిషి, తమిళంలో, పాత్రల పేర్లకు గీతలు కొట్టి మరీ, సీను రాసుకొచ్చారు.

డాక్టరు నిరంజన భర్తను లోపలికి పిలుస్తుంది. భర్త కళ్ళు తుడుచుకుంటాడు. డాక్టరు అంటుంది: "సార్, మీ భార్య చెప్పినదంతా భ్రమ. బిడ్డ పోయింది పెళ్ళయిన పది రోజులకు. ఆరతి పట్టిన రోజు ఆమె నవ్వుతూనే ఉంది. అప్పడి ఎదువుమే నడక్కలై." అలాంటిదేమీ జరగలేదట. ఆ తర్వాత భర్త ఆమె తల నిమిరి పళని కొండకు తీసుకుపోతాడు. మొక్కు తీరుస్తారు. నిరంజన నవ్వుతుంది. శుభం.

చదివి ఆయన కాగితం మడిచారు. "కొంచెం నువ్వు దిద్దుకో. డాక్టరు మాటలు నాకు అంత బాగా రావు" అన్నారు కూతురితో, మర్యాదగానే.

అంజలమ్మ సంచి దించి సోఫాలో కూర్చుంది. ఆమె మొహంలో అప్పుడే సగం బరువు దిగిపోయింది.

జానకికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంత తేటగా, ఇంత నిమ్మళంగా కోపం రావడం ఆమెకు ఈ జన్మలో ఇదే మొదలు. బిడ్డ పోయింది ఏ రోజో ఆనాడు ఈ ఇంట్లో ముగ్గురికే తెలుసు. ముగ్గురిలో అత్తగారు వెళ్ళిపోయారు. మిగిలింది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పుడు లెటర్‌హెడ్ మీద అది జరగనేలేదని రాసుకొచ్చారు. సుజిత ఈ సీను పంపిందా, శుక్రవారం ఎనిమిదింటికల్లా చుట్టాలందరూ హమ్మయ్య అనుకుంటారు. పాపం జానకికి మతి తప్పింది, ఏదేదో ఊహించుకుంది అంటారు. ఇంక ఆమె ఏం చెప్పినా పిచ్చి కిందే జమ.

"నేను ఇది పంపను నాయినా" అంది సుజిత. "అమ్మ పంపమంటే పంపుతాను. అమ్మను అడుగు."

"దాన్ని అడిగేదేముండాది? దానికేమి తెలుసు మీ సీరియల్ సంగతి?"

"రాయమనింది నేనే" అంది జానకి.

బాలకృష్ణన్ భార్య వైపు తిరిగారు.

"నేను చెప్తిని, అది రాసింది. 'అమ్మా, రాయనా' అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ రాయమంటిని. ఆ తెలుగు మాట కూడా నాదే బావా, నా నోటి మాటే." ఆమె చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపింది. "ఇంకొకటి కూడా వినండి. గురువారం గురువారం మోకాలికి నూనె రుద్దించుకోను ఆర్.ఎస్. పురం పోతాండాను అంటిని గదా. నా మోకాలికి ఏమీ లేదు, రాయి మాదిరి ఉండాది. నాలుగు నెలలుగా ఒక డాక్టరమ్మ ముందర కూర్చుని మాట్లాడి వస్తాండాను."

"పిచ్చి డాక్టరు దగ్గరికా?" బాలకృష్ణన్ వంటింటి వైపు చూశారు.

"మీరు ఏ పేరన్నా పెట్టుకోండి. ఈ సీరియల్ చూసే పోతిని. ఇంతమంది చూస్తాండగా ఆ పిల్ల చెప్పుకుంటాది, తలుపు మూసుకుని చెప్పుకోను నాకేమి రోగం అనుకుంటిని."

"జానకీ, మెల్లగా. వంటమనిషి ఉండాది."

"దానికి మన మాట యాడ తెలుస్తాది అన్నా" అంది అంజలమ్మ విసుగ్గా.

అదే అదనుకు వంటావిడ అముద కాపీ గ్లాసులతో వచ్చింది. యాభై దాటిన మనిషి, తమిళం తప్ప ఈ ఇంట్లో ఇంకో ముక్క మాట్లాడి ఎరగదు. గ్లాసు అంజలమ్మ ముందు పెట్టి, "పదినాలు వరుషమా కేక్కిరేన్‌మా. ఎల్లామే పురియుం" అంది. పద్నాలుగేళ్ళుగా వింటోందట, అన్నీ అర్థమవుతాయట. అని, ఏ తొందరా లేకుండా వంటింట్లోకి పోయి, తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంచింది.

అంజలమ్మకు కాపీ నాలుక కాలింది. పద్నాలుగేళ్ళలో ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా అముద సాంబారు గురించి తను అన్న మాటలన్నీ గుర్తుకొచ్చాయి కాబోలు, కాసేపు ఎటూ చూడలేకపోయింది.

బాలకృష్ణన్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు జానకీ. మన కడుపు మనమే చించుకుంటామా? ఇంటి గుట్టు వీధిలో ఆరేసుకుంటే ఎవురికి లాభం?"

"పడనీండి. నా కడుపు, నా కాళ్ళు. పడితే నేను కడుక్కుంటాను. ఇరవై ఐదేండ్లు మింగినాను బావా, పోదుం, ఇంక చాలు."

"నువ్వు అబద్దం చెప్తాండావు!" అంజలమ్మ దిగ్గున లేచింది. "నా ఆల్బంలో చూడు. ఆరతి పళ్ళెం పట్టుకోని నగుతా ఉండావు. బిడ్డ పోయిన తల్లి ఎవురన్నా నగుతాదా?"

"ఫోటో తీసేవాడు నగమన్నాడు అంజలా. మీ అమ్మ పక్కన నిలబడి నా మోచెయ్యి గిల్లింది. నగితిని."

"కాదు! నీకు నా మీద కుళ్ళు. పెండ్లి నాడే తెలుసుకుంటిని. నన్ను బండి ఎక్కించేటప్పుడు ఏడ్చుకుంటా వచ్చి నిన్ను కావలించుకుంటిని, జ్ఞాపకముండాదా? అందరి ముందర నన్ను తోసేస్తివి. చెత్తను తోసినట్ల తోసేస్తివి! దిండిగల్ దాకా అదే తలుచుకోని ఏడిస్తిని. మొగుడింటికి పోయే పిల్లను తోసే వదినె ఎవురికన్నా ఉంటాదా? ఇరవై ఐదేండ్లు ఎవురికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తాండాను."

ఆ మాట అనేసి అంజలమ్మ నిజంగానే ఏడ్చింది. నలభై ఆరేళ్ళ మనిషి, పెళ్ళికాని పిల్లలాగా ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చింది.

జానకి ఆమె వైపు చూసింది. ఈ ఆడబిడ్డ పండక్కు వస్తే ముట్టీముట్టనట్టు ఉండడం, తన చేతి కూరకు వంక పెట్టడం, అన్నిటికీ ఇదా కారణం! అడిగి ఉంటే ఎప్పుడో చెప్పేది. ఈ ఇంట్లో అడిగే అలవాటు ఎవరికి ఉంది గనక?

"పాలు అంజలా" అంది.

"ఏమి పాలు?"

"బిడ్డ పోయి రెండు నాళ్ళాయె. పాలు ఆగుతాయా? పట్టుచీర తడిస్తే అందరికీ తెలిసిపోతాదని మీ అమ్మ రవికె లోపల తువాలు పెట్టి బిగించి కట్టె. రాళ్ళు మాదిరి గట్టిపడిపోయె. గాలి తగిలినా పాణం పోతాండె. నువ్వు వచ్చి బిర్రుగా పట్టుకుంటివి. నాకు కండ్లు చీకట్లు కమ్మె. తోసేస్తిని. నిన్ను గాదు అంజలా, ఆ నొప్పిని తోస్తిని."

అంజలమ్మ నోరు తెరిచింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. ఆమె ముగ్గురిని కన్నది, ముగ్గురికీ పాలిచ్చింది. పాలు గడ్డకట్టడమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. బిడ్డ ఆస్పత్రిలో బతికే ఉండి ఉంటే, రోజుకు నాలుగుసార్లు పోయి పాలిచ్చి వచ్చే తల్లికి అట్లా ఎందుకు గడ్డకడుతుంది?

"అన్నా" అంది, గొంతు తగ్గించి. "ఎప్పుడు పోయినాడు?"

బాలకృష్ణన్ మడిచిన కాగితం విప్పారు. మళ్ళీ మడిచారు.

"అన్నా, నిన్నే. నా పెండ్లికి ముందరా, తరువాతా?"

"అమ్మ వద్దనింది" అన్నారాయన. "పందిరి కాలు నాటినాము. పిలుపులు అయిపోయినాయి. నీకు తెలిస్తే పీటల మీద కూర్చోవనింది. నీ కోసమే చేస్తిమి."

"నా కోసమా! నేను అడిగినానా? నన్ను అడిగినారా?" అంజలమ్మ కేకకు వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. "నా పసుపుకుంకాలకు ఆయమ్మ పాలు అడ్డం పెడితిరా అన్నా! అదీ గాక ఇప్పుడు జరగలేదని రాసుకోని వస్తివా!"

తప్పు చేసినవాడి మౌనం ఒకటుంటుంది, దొరికిపోయినవాడి మౌనం ఇంకొకటుంటుంది. ఇన్నేళ్ళూ ఆ ఇల్లు మొదటిదానితో కాపురం చేసింది. రెండోది ఈ పూటే గడప దాటి లోపలికి వచ్చింది.

గోడ గడియారంలో పదకొండుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. సుజిత ఫోను ఒకసారి మోగి ఆగింది. "అమ్మా, వాళ్ళు అడుగుతాండారు. ఏమని రాసేది?"

జానకి లేచి వెళ్ళి కూతురి పక్కన నిలబడింది. ల్యాప్‌టాప్‌లో తమిళ అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి, కళ్ళద్దాలు లేకుండా ఆమెకు కనబడవు. అయినా అటే చూస్తూ చెప్పింది.

"పోయిన గురువారం డాక్టరమ్మ నన్ను ఒక మాట అడిగింది. అదే రాయి. 'బిడ్డను యాడ పెట్టినారు' అని అడుగుతాది. నిరంజనకు తెలీదు. ఎవురూ చూపించలేదు. ఇంటికి వచ్చి మొగుణ్ణి అడుగుతాది. అంతే సీను. పళనీ వద్దు, మొక్కూ వద్దు."

సుజిత వేళ్ళు టకటకా నడిచాయి. ఆగాయి. ఆ పిల్ల తలతిప్పి తండ్రిని చూసింది. ఆ చూపులో వెటకారం లేదు, పని ఉంది.

"నాయినా, ఈడ మొగుడు ఏమి చెప్పాల? ఇందాక అంతా నువ్వే రాస్తివి గదా. ఇదీ చెప్పు. నేను టైపు కొట్టుకుంటాను."

"నన్ను వదిలెయ్ సుజితా."

"మొగుడు నోరు తెరవకుంటే సీను ముగియదు నాయినా."

జానకి ఆయన వైపు తిరగలేదు. వెన్ను చూపించే నిలబడింది. ఇరవై ఐదేళ్ళుగా ఈ ఒక్క జవాబు కోసం ఆమె ఈ మనిషి పక్కన పడుకుని లేచింది. ఏ చెట్టు కిందో, ఏ వాగు ఒడ్డునో ఒక చోటు ఉంటుందనీ, అది ఆయనకు తెలుసనీ, ఏదో ఒక రోజు చెబుతాడనీ నమ్మింది. ఆయన చెప్పకపోవడం కూడా ప్రేమేనేమో అనుకున్న రోజులున్నాయి.

"నాకూ తెలీదని రాయి" అన్నారు బాలకృష్ణన్.

సుజిత వేళ్ళు మళ్ళీ నడిచాయి.

"ఆస్పత్రిలో ఒకాయన చేతికి ఇస్తిని. తువాలులో చుట్టి. 'పెండ్లి ఇల్లు గదా, మీరు పోండి సార్, నేను చూసుకుంటాను' అనె ఆయన. పోతిని. పోయేదారిలో పందిరికి అరిటిచెట్లు ఎక్కించుకోని ఇంటికి వస్తిని." ఆయన అరచేతులు మోకాళ్ళ మీద వెల్లకిలా ఉన్నాయి. "మళ్ళా పోయి అడగను ధైర్యం లేకపోయె జానకీ. అంతే. దాచిపెట్టుకోను నా దగ్గర ఏమీ లేదు."

"ఆయన పేరేమి?" అంది జానకి, ఇప్పుడు తిరిగి.

"అడగలేదు."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఒక్క క్షణం ఆయన మీద జాలి కూడా వచ్చింది. ఆ జాలి మీద ఆమెకే చెడ్డ కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ తను మింగింది చాలదా, ఇప్పుడు ఈయనదీ తనే మింగాలా?

"రాస్తివా?" అంది కూతురితో.

"రాస్తినమ్మా." సుజిత చెంపలు తడిసి ఉన్నాయి.

"ఆయన చెప్పింది చెప్పినట్ల ఉండాదా? అరిటిచెట్లు కూడా?"

"ఉండాది."

"పంపు."

ఒక్క మీట నొక్కిన చప్పుడు. అంతే. పదకొండుకు ఇంకా ఐదు నిమిషాలుంది. జానకి చెయ్యి చీర చెంగుకు తుడుచుకుని, భర్త ముందుకు వచ్చి నిలబడింది.

"లేవండి బావా. చెప్పులేసుకోండి."

"ఎక్కడికి?"

"ఆ ఆస్పత్రికి. అప్పుడు అడగని పేరు ఇప్పుడు అడుగుదాము."

"ఇరవై ఐదేండ్లయింది జానకీ! ఎవురుంటారు ఆడ? ఏ కాగితం ఉంటాది?"

"లేకపోతే లేదని వాళ్ళు చెప్తారు. మీరు చెప్పొద్దు."

బాలకృష్ణన్ కుర్చీలోంచి కదలలేదు. గుమ్మం దగ్గర వంగి చెప్పులు తొడుక్కుంటున్నది అంజలమ్మ.